కట్టలు తప్పని సాయంత్రం

ఆ సాయంత్రం కల్లేదారు మా కట్టల్లో ఒక్కదాన్ని కూడా వెనక్కి విసరలేదు. "ఇయ్యాల ఏమైందే అవ్వా, ఒక్క కట్ట గూడ తప్పలే!" అని ఆశ్చర్యపోయాడు. మా అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంట వచ్చిన ఆడవాళ్ళంతా నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను. తునికాకు కట్టలన్నీ సరిగ్గా వచ్చినందుకు ఏడ్చిన మనిషి ఆ అడవి పల్లెల్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి. మా అక్క గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనవళ్ళు పుట్టాక కూడా మండుతుందా అంటే, మండుతుంది. మొన్ననే మండింది.

మొన్న తిరుమలాయపాలెం పక్కన ఒక బడికి పిలిచారు నన్ను. ఏవో కొన్ని పుస్తకాలు రాశాను కదా, కథలు రాయాలనుకునే పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పమన్నారు. శాలువా కప్పారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు. నేను గొంతు సవరించుకుని రోజూ చదవాలన్నాను, రోజూ రాయాలన్నాను, మంచి పదాలు పోగు చేసుకోవాలన్నాను. ముందు వరుసలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచింది.

"మేడమ్, మీరు గట్లనే నేర్చుకున్నరా?"

"అవునమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది గానీ నమ్మినట్టు కనిపించలేదు. చెప్పిన నాకే నమ్మకం లేదు, ఆ పిల్లకెక్కడుంటుంది!

ఖమ్మం తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫోన్ తీశాను. పొద్దున మా కుటుంబం గ్రూపులో నా కొత్త కథ అచ్చయిన పేజీ ఫోటో పెట్టాను. దాని కింద ఎవరో దండాలు పెట్టారు. మా తమ్ముడు బొటనవేలు ఎత్తాడు. వాడు చదవలేదని వాడి బొటనవేలే చెబుతోంది. ఆ కింద మా అక్క పంపిన మాటల మెసేజ్ ఉంది. రాయడం దానికి బద్ధకం, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపుతుంది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఇప్పుడు సత్తుపల్లి అవతల ఉంటుంది, పామాయిల్ తోట చూసుకుంటూ. ఆ ఊరి పక్కనే బొగ్గు బావి. మధ్యాహ్నం పేలుళ్ళకు ఇల్లు అదురుతుందట. ఆ రోజు అదిరిన అదురుకు అటక మీది మామిడికాయ పచ్చడి జాడీ ఒరిగి, కింద పడుకున్న మా బావ మీద పడింది. బావ ఎర్రగా లేచి, రక్తమనుకుని, దవాఖానాకు తీసుకపొండ్రి అని ఒకటే అరుపు. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు. ఆటో ఎక్కుతూ మూతి తుడుచుకుని, నాలుకకు తగిలిందాన్ని చప్పరించి, ఆయన అన్న మాట: "ఉప్పు తక్కువైందేందే?"

ఇంతే సంగతి. దీనికి గ్రూపులో నవ్వులే నవ్వులు. నా సొంత కూతురు, నా పుస్తకం ఒక్కటీ పూర్తిగా చదవని మహాతల్లి, "పెద్దమ్మా, ఇంకోటి చెప్పవా" అని రాసింది. నా కథ ఫోటో పైకి, పైపైకి పోయి, కనిపించకుండా పోయింది. నేను ఆ మెసేజ్‌ని చెవి దగ్గర పెట్టుకుని రెండోసారి విన్నాను. ఎక్కడ ఆపింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది అని పట్టి పట్టి విన్నాను. ఇది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం.

అప్పట్లో మా నాన్నకు మణుగూరు గనుల్లో ఉద్యోగం. కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను అమ్మమ్మ ఊరు తోలేది. గోదావరికి ఇవతల, అడవి అంచున ఊరది. బస్సు దిగి బండ్ల బాట పట్టి నడుస్తుంటే, ఊరు కనబడక ముందే వాసన వచ్చేది. ఇప్పపూలు ఎండబోసిన వాసన. పులిసిన బెల్లం లాంటి ఆ వాసన తలకెక్కి, సగం దూరంలోనే ఆకలి పుట్టేది. ఇంటికి చేరేసరికి అమ్మమ్మ జొన్న గటకలో మామిడికాయ తొక్కు పెట్టి ఉంచేది. సాయంత్రానికి వేయించిన ఇప్పపూలు, నువ్వులు కలిపి రోట్లో దంచి ముద్దలు చేసేది. తునికి పండ్లు జేబుల్లో వేసుకుని తినేవాళ్ళం. వాటి జిగురుకు పెదాలు అంటుకుపోయేవి.

ఆ ఏడు నేను వెళ్ళేటప్పుడు ఒక స్టీలు టిఫిన్ డబ్బా కూడా తీసుకెళ్ళాను. బడిలో వ్యాసం రాసినందుకు వచ్చిన మొదటి బహుమతి. మూత మీద నా పేరు చెక్కించారు. ఊరంతా చూస్తారనుకున్నాను. అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మూత గట్టిగ వడుతున్నదే" అని మెచ్చుకుని, అందులో చింతపండు పెట్టింది. అంతటితో నా బహుమతి ఊరేగింపు అయిపోయింది.

ఎండాకాలం అంటే ఆ ఊళ్ళో తునికాకు కాలం. ఆడవాళ్ళు చీకటితో లేచి అడవికి పోయి, బీడీలకు పనికొచ్చే లేత ఆకు కోసుకుని, ఎండ ముదరక ముందే మూటలతో వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం నీడన కూర్చుని కట్టలు కట్టాలి. సగం ఆకులు ఒక వైపు తిప్పి, సగం ఇంకో వైపు తిప్పి, నారతో బిగించాలి. ప్రతి కట్టలోనూ ఆకుల లెక్క ఒకటే ఉండాలి. చేతులు ఆకు తీస్తుంటే లెక్క లోపల్లోపల నడవాలి. సాయంత్రం ఆ కట్టలు ఆకు ఆరబోసే కల్లానికి మోసుకుపోతే, అక్కడ ఆకు కొనేవాళ్ళ తరఫు మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన్నే కల్లేదారు అనేవాళ్ళం. కట్టను అరచేతిలో ఎగరేసి, అంచు వేలితో మీటి, ఆకు తక్కువైందనుకుంటే కట్టినవాళ్ళ కాళ్ళ దగ్గరికి విసిరేసేవాడు. ఎక్కువైతే మాత్రం నోరు మూసుకుని తీసుకునేవాడు.

ఊళ్ళో ఎవరి నీడన వాళ్ళు కట్టుకోవచ్చు. కానీ అందరూ మా అమ్మమ్మ తాటాకు పందిరి కిందికే వచ్చేవాళ్ళు. పక్క గూడెం నుంచి కోయ ఆడవాళ్ళు కూడా ఎండలో నడిచి వచ్చేవాళ్ళు. నీడ కోసం కాదు, మా అక్క కోసం. అది కథ చెప్పేది.

అది నాకన్నా ఒక్క ఏడాదే పెద్ద. ముందుపళ్ళ మధ్య సందు, తల నిండా పేలు. తెలుగు పరీక్షలో కూడా అత్తెసరు మార్కులు. నోరు విప్పితే మాత్రం పందిరి కింద దగ్గు కూడా ఎవరూ దగ్గేవాళ్ళు కాదు. కథ చెప్పేవాళ్ళు కట్టలు కట్టనక్కర్లేదని అమ్మమ్మ రూలు. పైగా గటక వాళ్ళకే ముందు. ఇంకో రూలు కూడా ఉంది. ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ కొట్టే మనిషి లేకుండా కథ చెబితే ఆ కథ దారి తప్పి అడవిలోకి పోతుందని అమ్మమ్మ నమ్మకం. ఆ పని నాకు పడింది.

"నువ్వు ఖాళీగనే ఉన్నవ్ గద, అక్కకు ఊ గొట్టు" అంది అమ్మమ్మ.

మొదటి బహుమతి తెచ్చుకున్నదాన్ని. పేలదానికి ఊ కొట్టాలి. కట్టలు కడుతూ మరీ కొట్టాలి.

దాని కథ ఎట్లా ఉండేదో ఒకటి చెబుతాను. మా పక్కింటి వదిన ఇప్పపూలు ఏరబోయి దూరాన ఎలుగుబంటిని చూసి పరుగెత్తుకొచ్చింది. వాగు అవతల కనిపించిందట, అంతే. ఆ ముచ్చట ముందు రోజు వదినే మాకు చెప్పింది. మర్నాడు వదిన పందిరి కిందే కూర్చుని ఉండగా అక్క మొదలుపెట్టింది.

"ఇంక తెల్లారలే. ఇప్పచెట్టు కింద ఒకామె ముందే వంగి ఏరుతున్నది. నల్ల గొంగడి కప్పుకున్నది."

"ఊ."

"వదిన అనుకున్నదీ, ఓహో, మా అత్త నన్ను లేపకుండ వచ్చిందీ, మంచి పూలన్ని తనే ఏరుకుందామని."

"ఊ."

"'ఏందత్తా, ఏరమంటే తింటున్నవ్?' అన్నది. అత్త పలుకలే. ఆమె ఎన్నడు పలికింది గనుక? 'జర అటు జరుగు' అని మోచేత్తో పొడిచింది. జరిగింది."

పందిరి కింద నవ్వు లేచింది. తెలుగు సరిగ్గా రాని ఒక ముసలి కోయ అవ్వకు పక్కనున్న కోడలు వాళ్ళ భాషలో చెప్పింది, అప్పుడు అవ్వ నవ్వింది. అక్క ఆ రెండో నవ్వు కోసం ఆగింది. ఎప్పుడూ ఆగేది. ఆ నవ్వు అయ్యేదాకా తర్వాతి మాట ఎత్తేది కాదు. అది చూసి నాకు కడుపు రగిలిపోయింది. ఇక పట్టలేక, "అది అత్త గాదు, గుడ్డెలుగు!" అని అరిచేశాను. కథ చెడిపోవాలనే అరిచాను.

అక్క నా వైపు చూసింది. కోపం లేదు దాని మొహంలో.

"అవ్, గుడ్డెలుగే" అంది నెమ్మదిగా. "మనకందరికి తెల్సు. గుడ్డెలుగుకు గూడ తెల్సు. వదినకొక్కదానికే తెల్వది."

అంతే, పందిరి ఊగిపోయింది. ఆ తర్వాత ప్రతి మాటకీ ఆడవాళ్ళు "అయ్యో", "వద్దే", "ముట్టకే" అని కేకలు. వదిన ఆ 'అత్త' నెత్తిలో పేలు చూస్తానంది, ఇంట్లో మొగుడి మీద చాడీలు చెప్పింది. తెల్లవారి ఇంటికి వెళ్తే అత్త మంచం మీద పడుకుని ఉంది. వదిన ఆమెను లేపి అడిగింది: "నాకన్న ముందే ఎట్లొచ్చినవత్తా?"

కథ అయిపోయింది. అసలు వదిన కళ్ళు తుడుచుకుంటూ, "అవ్, గట్లనే అయింది. ఆ రెక్క మెత్తగుండె" అంది. నిన్న వాగు అవతల ఉన్న ఎలుగుబంటి ఇవాళ ఆమె మోచేతికి మెత్తగా తగిలింది. ఆ మాట విన్నాక నాకు ఆ పూట గటక దిగలేదు.

అసలు పరువు సాయంత్రం పోయింది. కల్లం దగ్గర కల్లేదారు నా కట్టలు ఒకదాని తర్వాత ఒకటి విసిరేశాడు. "ఎవ్వల్లివియి? లెక్క రాదా?" లెక్కల్లో క్లాసులో నేనే ఫస్టు. ఎవరికీ చెప్పుకోలేను. అమ్మమ్మ మాత్రం ఆ కట్టలు ఏరుకుంటూ, "కథల వడ్డదిలే పిల్ల" అంది. పడలేదు, నాకు ఆ కథ అస్సలు నచ్చలేదు అని దారి పొడుగునా వాదించాను. నోటితో ఎంత వాదించినా కట్టలు నా చేతిలోనే ఉన్నాయి.

అప్పుడు గమనించాను. అక్క కథ చెప్పిన రోజు అందరి కట్టల్లోనూ తప్పులు వచ్చేవి. కల్లేదారు తిట్టేవాడు, మళ్ళీ కట్టుకోవాలి, నడుము నొప్పులు. అయినా మర్నాడు అందరూ మళ్ళీ ఆ పందిరి కిందికే.

నేను నా వంతు ఊ అన్యాయంగా కొట్టడం మొదలుపెట్టాను. కొట్టాల్సిన చోట మింగేసేదాన్ని, అక్కర్లేని చోట గట్టిగా కొట్టేదాన్ని. అది తడబడి పడిపోతుందని నా ఆశ. నేను ఊ మింగినప్పుడల్లా అది నా మొహం చూసి, ఆ మాటను ఇంకొంచెం తిప్పి చెప్పేది. అంతకు ముందుకన్నా బాగుండేది. నా కుళ్ళుతో దాని కథకు సాన పట్టాను.

తర్వాత దానికి గవదబిళ్ళలు వచ్చాయి. రెండు చెంపలూ బూరెల్లా వాచి, గడ్డం కింది నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టారు. నోరు తెరవలేదు. లోపల ఎంత సంబరపడ్డానో! "అమ్మమ్మా, ఈ రోజు నేను చెప్త" అన్నాను. అమ్మమ్మ సరేనంది. మరి ఊ? ఊ కొట్టడానికి నోరు తెరవక్కర్లేదు కదా. అక్కను మంచంతో సహా తెచ్చి నా ఎదురుగా వేశారు.

ఆ కథ కోసం పొద్దంతా తయారయ్యాను. ఒక మహారాజు. ఆయన నగరం. నగరంలో సరోవరాలు, సరోవరాల్లో కలువలు, కలువల మీద తుమ్మెదలు, కోట గోడలకు మణులు. వ్యాసానికి బహుమతి తెచ్చిన మాటలన్నీ అందులో దించాను. చెబుతుంటే నా గొంతు నాకే తియ్యగా వినిపించింది.

"ఊ" అంది అక్క.

సరోవరం దగ్గర మళ్ళీ "ఊ" అంది. తుమ్మెదల దగ్గర ఆలస్యంగా అంది. మణుల దగ్గర వినబడలేదు. చూస్తే కళ్ళు మూసుకుపోయాయి. అటు పక్క వదిన ఉల్లిగడ్డల ధర ఎత్తుకుంది. ఇంకొకామె అల్లుడి సంగతి ఎత్తుకుంది. ముసలి అవ్వ తన కోడల్ని ఏదో అడిగింది. కోడలు ఏమీ లేదన్నట్టు చెయ్యి తిప్పింది. నేను గొంతు పెంచి కోటకు ఇంకో బురుజు కట్టాను. అమ్మమ్మ ఒక్కతే పాపం మధ్యమధ్య "ఊ, ఊ" అంటూనే ఉంది, చేతిలో ఆకు మాత్రం ఆగకుండా.

ఆ సాయంత్రమే కల్లేదారు ఒక్క కట్టా విసరలేదు.

అందరూ నవ్వుతుంటే మొదట నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే కల్లం వెనక్కి పోయి, ఆరబెట్టిన ఆకు పక్కన కూలబడి ఏడ్చాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ అడవి మనుషులకు మంచి కథ ఏం తెలుసు అనుకున్నాను. ఇంటికి వచ్చి గటక తినకుండా గోడకు తిరిగి కూర్చున్నాను. అక్క చెంపలు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నొప్పికి మాట కూడగట్టుకోలేక ముక్కలు ముక్కలుగా అడిగింది.

"రాజుకు... ఏం గావాలె?"

"ఏంది?"

"నీ రాజుకు. ఏం గావాలె?"

"ఏం అక్కర్లేదు. ఆయనకు అన్నీ ఉన్నయి."

అక్క తల ఊపింది. "మరెందుకొచ్చిండు?" అని లేచి వెళ్ళి పడుకుంది.

దాని జుట్టు పట్టుకుని లాగాలనిపించింది. గవదబిళ్ళల మనిషిని కొడితే అమ్మమ్మ ఊరుకోదని ఆగాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రాజుకేం కావాలో నాకు నిజంగా తెలియదు. ఆయన ఎట్లా నవ్వుతాడో, పొద్దున లేచి ఏం తింటాడో తెలియదు. వదిన సంగతి తెలుసు, అమ్మమ్మకేం కావాలో తెలుసు. అక్కకు నేను ఊ కొట్టడం కావాలని కూడా తెలుసు. నాకేం కావాలో అన్నిటికన్నా బాగా తెలుసు. నా కథకు ఒక్క కట్ట తప్పాలి. ఒక్కటంటే ఒక్కటి.

ఆ రోజు నుంచి మనుషుల్ని దొంగచాటుగా చూడడం మొదలుపెట్టాను. అక్కను ఓడించడానికే. సాయంత్రాలు కల్లం దగ్గర కల్లేదారు ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన కట్టను ఎగరేసే ముందు ఎడమ చెంప నొక్కుకునేవాడు. పుచ్చుపన్ను. లవంగం పెట్టుకునేవాడు, అది ఉమ్మేసి ఇంకోటి పెట్టుకునేవాడు. పన్ను సలిపిన రోజు ఎక్కువ కట్టలు విసిరేవాడు. మా ఇంట్లో ఎవరూ గమనించని సంగతి అది. మా అక్క కూడా గమనించలేదు. ఇప్పముద్ద ఒకటి దొంగిలించి తిన్నంత సంతోషం కలిగింది నాకు.

ఆకు కాలం ఆఖరు రోజు. అక్క చెంపలు తగ్గాయి, అందరూ దాని వైపే చూస్తున్నారు. "నేను చెప్త" అన్నాను. పందిరి కింద ఒక నిట్టూర్పు వినిపించింది. వదిన అప్పుడే ఉల్లిగడ్డల మొహం పెట్టింది. అక్క ఆకు మూట ముందుకు లాక్కుని కట్టలు కట్టడానికి కూర్చుంది.

"కల్లేదారు కట్ట చూసేది చేత్తోటి గాదు" అన్నాను.

"ఊ" అంది అక్క.

"పన్నుతోటి. ఆకు తక్కువైన కట్ట చేతిల వడంగనే ఆయన పుచ్చుపన్ను జివ్వుమంటది."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను తొందరపడలేదు. కోడలు ముసలి అవ్వకు చెప్పేదాకా ఆగాను. అవ్వ నవ్వింది. అబ్బ, ఆ నవ్వు! అక్క ఎందుకు ఆగుతుందో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కథ దానంతటదే నడిచింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి ఆ పన్ను పీకించాలని పన్నాగం పన్నారు. ఒకామె చెరుకుగడ ఇచ్చింది, ఒకామె వేయించిన శనగలు ఇచ్చింది. ఆయనకేమో పన్ను పోతే కొలువు పోతుందని భయం. చెప్పుకుంటే సిగ్గు. రాత్రంతా చెంప పట్టుకుని పన్నును బతిమాలుకునేవాడు. వదిన ఆకు చేతిలో పట్టుకుని మర్చిపోయింది. అమ్మమ్మ "మరి ఊడిందా?" అంది. అమ్మమ్మ అడిగింది, మా అమ్మమ్మ!

ఆ సాయంత్రం కల్లేదారు మొదటి కట్ట ఎత్తి, అలవాటుగా చెంప నొక్కుకున్నాడు. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. కట్టలన్నీ ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. సరిగ్గానే వస్తున్నాయి. చివరికి ఒక్క కట్ట చేతిలో ఆగింది. మీటాడు, చెంప నొక్కుకున్నాడు, విసిరాడు.

అక్క కాళ్ళ దగ్గర పడింది. అది మా అక్క కట్ట.

లోకంలో నాకన్నా గొప్పది ఇంకొకతి లేదనిపించిన రోజు అదే. ఆ గొప్ప ఇంటికి వెళ్ళే దారి మధ్యలోనే ఇంకిపోయింది. అక్క నవ్వుతూ నడుస్తోంది. కథ లేని పూటల్లో కట్టలు కట్టినప్పుడు దాని చేతికి లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు. నిజంగా తప్పిందా, లేక నా ఏడుపు చూడలేక కావాలనే ఒక ఆకు తక్కువ పెట్టిందా? అడగడానికి అహం అడ్డం వచ్చింది. తర్వాత చదువులు, పెళ్ళిళ్ళు. నేను రాసిన ప్రతి కథ వెనకా ఆ కట్ట ఉంది. సన్మానాలు జరిగినప్పుడు కూడా, ఇదీ జాలితో పడేసిన కట్టేనేమో అనే అనుమానం.

ఇప్పుడు ఆ పందిరి లేదు, అమ్మమ్మ లేదు. ఆమె ఇల్లు ఉన్న చోట నుంచి తారు రోడ్డు పోతోంది. నా పేరు చెక్కిన చింతపండు డబ్బా ఎవరింట ఉందో తెలియదు. ఆ బడిలో రెండు జడల పిల్లకు ఇదంతా చెప్పి ఉండాల్సింది. అమ్మా, నీకన్నా బాగా చెప్పేవాళ్ళు ఒకరు ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని కుళ్ళుకో. కుళ్ళుకుంటూనే ఊ కొట్టు. నీ చేతిలో లెక్క ఎక్కడ తప్పిందో చూసుకో, అక్కడే ఉంటుంది విద్య. నీ రాజుకేం కావాలో తెలిసేదాకా కోట కట్టకు. ఇట్లా చెప్పకుండా మంచి పదాలు పోగు చేసుకోమని చెప్పి వచ్చాను.

బస్సు దిగి ఇంటికి వచ్చి, ఈ జ్ఞాపకమంతా కూర్చుని రాశాను. రాశాక అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మొదటి పేజీ అంతా అడవి చెట్ల వర్ణనే, అటు నుంచి చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్న ఉన్న. చెట్లు అయిపోయినయా?"

ఒళ్ళు మండింది. అయినా చదివాను. ఎలుగుబంటి దగ్గర ఊ వచ్చింది, గవదబిళ్ళల దగ్గర వచ్చింది. ఆఖరుకు వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఇన్నేళ్ళుగా మింగుకున్నది అడిగేశాను.

"ఆ కట్ట నిజంగ తప్పిందా అక్కా, కావాలని తప్పించినవా?"

అక్క తన పాత గొంతుతో అడిగింది. "నీకేది గావాలె?"

"నిజం గావాలె."

"నిజం గావాల్నంటే నన్నెందుకు అడుగుతున్నవే పిచ్చిదానా" అని నవ్వింది. గెలల కోసం ట్రాక్టర్ వచ్చిందని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో బియ్యం కొలుస్తుంటే గ్రూపులో దాని గొంతు వచ్చింది. ఫోన్ గట్టు మీద పెట్టి విన్నాను.

"ఆ పొద్దు కల్లేదారు మా కట్టలు ఒక్కటి గూడ ఎనుకకు ఇసరలే. మా చెల్లె ఏడ్చింది..."

నా కథే. చెట్లు లేవు, బండ్ల బాట లేదు. కల్లేదారుతో మొదలుపెట్టింది. నేను పేజీలకు పేజీలు రాసి చేరిన చోటు నుంచి అది మొదటి అడుగు వేసింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ ఆఖరి కట్ట దాకా వచ్చింది.

"అది నా కట్టనే. చెల్లె పన్ను కథ చెప్తాంటె నా చెయ్యి ఆగింది, లెక్క తప్పింది. ఆ కట్టను నేను మల్ల కట్టలే. గట్లనే తీసుకపోయి అమ్మమ్మ ఇంటి సూరుల చెక్కిన. మా చెల్లె గెలిచిన కట్ట గదా అని."

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంటుంటేనే అనుమానం వచ్చింది. చూరులో కట్ట నిజంగా ఉండేదా, ఇప్పుడు కల్పించిందా? ఆ ఇల్లే లేదు, చూద్దామంటే. వదిన మోచేతికి తగిలిన ఎలుగుబంటి లాగే ఇదీ నాకు మెత్తగా తగిలింది. ఇంతలో మా కూతురు గ్రూపులో రాసింది: "అమ్మా, ఇంత మంచిది నువ్వెందుకు రాయలేదు?"

ఫోన్ కట్టేసి, లోపలికి వెళ్ళి, నేను రాసిన మొదటి పేజీ చింపేశాను. చెట్లు పోయాయి. మీరు పైన చదివిన మొదలు దానిదే.

మధ్యాహ్నం మా ఆయన అన్నం పెట్టుకోబోయి కుక్కర్ మూత తీశాడు. లోపల అంచు దాకా అన్నం.

"ఏందే ఇంతన్నం? చుట్టాలేమన్న వస్తున్నరా?"

"లేదు" అన్నాను. "లెక్క తప్పింది."